భ్రంశం జారే తీరును చూపే బల్లమీది నమూనా: ఒక విద్యా సంవత్సరం వాడాక నా సమీక్ష

భూకంపం ఎందుకు వస్తుందని పిల్లలు అడిగితే, భూమి పైపొరలోని పలకలు ఒకదానితో ఒకటి రాసుకోవడం వల్ల వస్తుందని చెప్పి పాఠం ముగించడం మనకు అలవాటు. ఆ జవాబులో తప్పేమీ లేదు. అయితే ఆ పలకలు ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున, పగలూ రాత్రీ ఆగకుండా కదులుతూనే ఉంటాయి. అంత నిదానమైన, ఎడతెగని కదలిక ఏ కొద్ది సెకన్లలోనో కట్టడాలను నేలమట్టం చేసే కుదుపుగా ఎందుకు మారాలి, మిగతా కాలమంతా ఆ నేల ఎందుకు నిశ్చలంగా ఉండాలి అన్న అసలు ప్రశ్నకు అందులో సమాధానం లేదు. ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పే నన్ను ఈ వెలితి చాలాకాలంగా బాధిస్తూ వచ్చింది. నల్లబల్ల మీద బొమ్మ గీసి చెబితే ఈ సంగతి పట్టుబడదు, ఎందుకంటే బొమ్మలో కాలం ఉండదు. అందుకే కిందటి విద్యా సంవత్సరం మొదట్లో, భ్రంశం, అంటే భూమి పైపొర రాతిలో ఇరువైపుల రాయి ఒకదాని పక్కన ఒకటి జారే పగులు, ఎలా జారుతుందో చూపే బల్లమీది నమూనా ఒకటి తెప్పించి, ఏడాది పొడవునా మూడు తరగతులకు దానితోనే పాఠం చెప్పాను. తయారీదారు పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి నమూనాలను చాలామంది ఇంచుమించు ఒకే పద్ధతిలో తయారు చేస్తున్నారు కాబట్టి, నేను చెప్పబోయే మంచిచెడ్డల్లో ఎక్కువ భాగం వాటన్నింటికీ వర్తిస్తుంది.

పెట్టెలో మీటరున్నర పొడవైన చెక్క పట్టె ఒకటి, దాని పొడవునా అతికించిన ఉప్పుకాగితం, అడుగున అదే కాగితం అంటించిన మూడు చెక్క దిమ్మలు, మెత్తనిది ఒకటి గట్టిది ఒకటి చొప్పున రెండు స్ప్రింగులు, దిమ్మలను ఒకదానికొకటి తగిలించే చిన్న స్ప్రింగులు, పట్టె చివర బిగించే చేతి చక్రం, దానికి చుట్టుకునే దారం, అరకిలో బరువులు నాలుగు వచ్చాయి. వీటితోపాటు కుదుపును పసిగట్టి కంప్యూటర్ తెర మీద గీతగా చూపే చిన్న సెన్సర్, 40 పేజీల పుస్తకం ఉన్నాయి. బిగించడానికి అరగంట కూడా పట్టదు. దిమ్మకు స్ప్రింగు, స్ప్రింగుకు దారం, దారానికి చక్రం, ఇంతే అమరిక.

చక్రాన్ని తిప్పడం మొదలుపెట్టినప్పుడు మొదట ఏమీ జరగదు. ఈ ‘ఏమీ జరగకపోవడమే’ ఈ నమూనా నేర్పే మొదటి పాఠం. దారం బిగుసుకుంటుంది, స్ప్రింగు చుట్ల మధ్య సందులు ఒక్కొక్కటిగా తెరుచుకుంటాయి, స్కేలు మీద స్ప్రింగు కొస మిల్లీమీటరు తరువాత మిల్లీమీటరు ముందుకు సాగుతుంది, దిమ్మ మాత్రం వేసిన చోటనే ఉంటుంది. ముఖం పట్టె దగ్గరకు పెట్టి చూస్తే దిమ్మ వెనక అంచు కాగితం మీద నుంచి లేశమాత్రం లేవబోతున్నట్టు అనిపిస్తుంది. రెండు మూడు రవ్వలు చిట్లిన సన్నని చప్పుడు వినిపిస్తుంది. ఆపైన, ఏ క్షణంలో అన్నది ఎవరూ ముందే చెప్పలేని ఒక క్షణంలో, దిమ్మ టక్కున ముందుకు దూకి ఆగిపోతుంది. స్ప్రింగు తిరిగి ముడుచుకుంటుంది. చక్రం తిప్పే చెయ్యి మాత్రం ఆ మొత్తం సమయంలో ఒకే వేగంతో తిరుగుతూనే ఉంది. మొదటిసారి చూపినప్పుడు తరగతిలో వెనక వరుస పిల్లలు కూడా లేచి వచ్చి బల్ల చుట్టూ చేరారు.

ఇది బొమ్మలాట కాదు, ఈ శాస్త్రానికి పునాది. 1906 ఏప్రిల్ 18న కాలిఫోర్నియాలోని శాన్ ఫ్రాన్సిస్కోను కూల్చిన భూకంపంలో శాన్ ఆండ్రియాస్ భ్రంశం సుమారు 470 కిలోమీటర్ల పొడవునా చీలింది. పాయింట్ రేయిస్ దగ్గర భ్రంశానికి అడ్డంగా నాటి ఉన్న ఒక కంచె రెండు ముక్కలై, ఆ ముక్కల మధ్య దాదాపు 5 మీటర్ల ఎడం వచ్చింది. అంతకుముందు అర్ధ శతాబ్దంలో ఆ ప్రాంతంలో జరిగిన భూసర్వేలను, భూకంపం తరువాత జరిగిన సర్వేతో పోల్చి చూసిన అమెరికా శాస్త్రవేత్త హ్యారీ ఫీల్డింగ్ రీడ్, 1910లో స్థితిస్థాపక పునఃస్థితి సిద్ధాంతాన్ని ప్రకటించాడు. భ్రంశానికి దూరంగా ఉన్న నేల ఏళ్ల తరబడి మెల్లగా జరుగుతూ వస్తుంది, భ్రంశం దగ్గర మాత్రం ఘర్షణ పట్టి ఉంచుతుంది, మధ్యలో ఉన్న రాయి విల్లులా వంగుతుంది. పట్టు వీడినప్పుడు ఆ వంపు తీరి రాయి తన ఆకారానికి తాను వస్తుంది. నమూనాలో చెయ్యి తిప్పే చక్రం పలక కదలిక, స్ప్రింగు వంగిన రాయి, ఉప్పుకాగితం భ్రంశ తలం. పగులు భూకంపం వల్ల ఏర్పడిందని అంతకుముందు చాలామంది భావించేవారు. పాత పగులు జారడమే భూకంపమని స్పష్టంగా నిలబెట్టిన ఆలోచన ఇది.

ఇక్కడే ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తుంది. “స్ప్రింగు సాగుతుంది సార్, రాయి ఎలా సాగుతుంది?” అంది. పుస్తకంలో దీనికి జవాబు లేదు, ఉండి తీరవలసింది. బల్ల మీద లెక్క వేసి చూపించాను. “5 మీటర్ల జరుగుడు 50 కిలోమీటర్ల వెడల్పున పంచుకున్నదనుకో అమ్మా, ఒక్కో మీటరు రాయి వాటా ఎంత?” అని అడిగితే, కాగితం మీద భాగహారం చేసి మిల్లీమీటరులో పదో వంతు అని తనే చెప్పింది. అంటే మీటరు పొడవు బండ వెంట్రుక మందం మేర పక్కకు ఒరిగితే చాలు. ఏ గట్టి రాయైనా అంత మేరకు వంగుతుంది, వదిలితే తిరిగి నిటారుగా నిలుస్తుంది. వంపు ఎంత కొద్దిదైనా అది పరుచుకున్న రాయి వందల, వేల ఘనపు కిలోమీటర్లు కాబట్టి అందులో దాగిన శక్తి అంత పెద్దది. తయారీదారు తరువాతి ముద్రణలో ఈ ఒక్క లెక్క చేర్చినా పుస్తకం విలువ రెట్టింపు అవుతుంది.

రెండు స్ప్రింగులు ఇవ్వడం ఈ నమూనాలో అన్నింటికంటే తెలివైన పని అని నా అభిప్రాయం. మెత్తని స్ప్రింగు తగిలిస్తే దిమ్మ చాలాసేపు కదలకుండా ఉండి ఒక్కసారిగా రెండు మూడు సెంటీమీటర్లు దూకుతుంది. అదే దిమ్మకు, అదే బరువుతో గట్టి స్ప్రింగు తగిలిస్తే జారుళ్లు చిన్నవై, దగ్గర దగ్గరగా వస్తాయి. దిమ్మ జారడం మొదలుపెట్టిన తరువాత ఘర్షణ ఎంత త్వరగా తగ్గుతుంది, స్ప్రింగు లాగుడు ఎంత త్వరగా తగ్గుతుంది అనే ఈ రెండింటి పోటీ మీదే కుదుపు ఆధారపడి ఉంటుంది. ఘర్షణ ముందు తగ్గిపోతే మిగిలిపోయిన లాగుడు దిమ్మను విసురుతుంది. లాగుడే ముందు తగ్గిపోతే దిమ్మ కొంచెం జరిగి సద్దుమణుగుతుంది. పాఠ్యపుస్తకంలో స్థైతిక ఘర్షణ (కదలకముందు ఉండే పట్టు) జారుడు ఘర్షణ కంటే ఎక్కువ అని ఒక వాక్యం ఉంటుంది. ఆ వాక్యంతోనే భూకంపం పుట్టదు, దాన్ని లాగే స్ప్రింగు మెత్తదనం కూడా కావాలి అన్న సంగతి నాకే ఈ నమూనా వాడాక గాని కుదురుగా అర్థం కాలేదు. గ్రానైటు ముక్కల మీద ప్రయోగాలు చేసి, రాతిలో ఈ పట్టువిడుపుల జారుడే భూకంపాలకు మూలం కావచ్చని విలియం బ్రేస్, జేమ్స్ బయర్లీ 1966లో చెప్పింది ఇదే దారిలో.

దీన్ని ఇంకొక అడుగు ముందుకు తీసుకువెళ్లవచ్చు. పట్టె సగభాగం మీద నేను నునుపైన ప్లాస్టిక్ షీటు పరిచాను. ఉప్పుకాగితం మీద ఆగి ఆగి దూకిన దిమ్మ, షీటు మీదకు ఎక్కగానే చక్రంతోపాటే దాదాపు ఆగకుండా పాకింది. ప్రకృతిలో ఇలాంటి భ్రంశాలు ఉన్నాయి. శాన్ ఆండ్రియాస్ భ్రంశం నడిమి భాగం పెద్ద భూకంపాలు లేకుండా ఏడాది పొడవునా పాకుతూ ఉంటుంది; హోలిస్టర్ పట్టణంలో ఆ కోవకే చెందిన ఒక శాఖ మీద కట్టిన కాలిబాట అంచులు, గోడలు మెల్లగా వంకర తిరుగుతూ వచ్చాయి. పాకే భాగంలోకి లోతుగా బావి తవ్వి పైకి తీసిన రాతిలో జారుడు స్వభావం గల బంకమన్ను ఖనిజాలు దొరికాయి. ఈ రెండు స్వభావాలకూ నడుమ మరొకటి ఉందని ఇరవయ్యో శతాబ్దం చివర, ఇరవై ఒకటో శతాబ్దం మొదట్లో ఉపగ్రహ కొలతల వల్ల తెలిసింది. ఉత్తర అమెరికా పడమటి అంచున ఉన్న కాస్కేడియా తీరం కింద కొన్ని సెంటీమీటర్ల జారుడు సెకన్లలో కాక వారాల తరబడి సాగుతుంది, దాదాపు 14 నెలలకు ఒకసారి మళ్లీ వస్తుంది, పైన ఉన్నవారికి దాని స్పృహ కూడా ఉండదు. ఈ నెమ్మది జారుడును చూపే ఏర్పాటు నమూనాలో లేదు, పుస్తకంలో ప్రస్తావనా లేదు.

బరువులు బాగా పనిచేస్తాయి. దిమ్మ మీద బరువు పెంచుతున్నకొద్దీ జారడానికి ముందు స్ప్రింగు అంతకంతా సాగుతుంది, దూకుడు కూడా పెద్దదవుతుంది. రాతిలోనూ ఇదే నియమం నడుస్తుందని, పైగా రాయి ఏ జాతిదన్న తేడా పెద్దగా లేకుండా నడుస్తుందని బయర్లీ 1978లో చూపించాడు. తక్కువ పీడనాల దగ్గర భ్రంశ తలాన్ని నొక్కే ప్రతిబలంలో (ఒక్కో చదరపు మీటరు మీద పడే బలంలో) సుమారు 0.85 వంతు పక్కకు తోస్తే గాని రాయి జారదు. పది కిలోమీటర్ల లోతులో పైనున్న రాతి బరువే దాదాపు 2,600 వాతావరణ పీడనాలకు సమానం. ఈ లెక్క చెప్పినప్పుడు, అంత బిగువున నొక్కిపట్టిన పగులు అసలు జారడం ఎలా సాధ్యమని పిల్లలు అడిగారు. అడగవలసిన ప్రశ్నే.

దానికి జవాబులో ఒక భాగం నీళ్లు. పగులు సందుల్లో నిండిన నీటికి తన పీడనం తనకు ఉంటుంది, అది రెండు వైపుల రాతినీ కొంత ఎడంగా తోసి, నొక్కుడును ఆ మేరకు తగ్గిస్తుంది. దీన్ని కింగ్ హబ్బర్ట్, విలియం రూబీ 1959లో సిద్ధాంతంగా వివరించారు. కొద్ది ఏళ్లకే అమెరికాలోని డెన్వర్ దగ్గర సైనిక రసాయన కర్మాగారం తన మురుగు నీటిని 3.6 కిలోమీటర్లకు పైగా లోతైన బావిలోకి ఎక్కించడం మొదలుపెట్టిన 1962 నుంచి అక్కడ వరుసగా భూకంపాలు రావడం లోకమంతా చూసింది. 1969 తరువాత కొలరాడోలోని రేంజ్‌లీ చమురు క్షేత్రంలో శాస్త్రవేత్తలు కావాలనే నీటి పీడనాన్ని పెంచి, తగ్గించి, దానితోపాటే చిన్న భూకంపాలు పెరగడం, తగ్గడం నమోదు చేశారు. నమూనాలో నీళ్లు వాడే వీలు లేదు. అయినా స్ప్రింగు సగానికి పైగా సాగి దిమ్మ కదలకుండా ఉన్నప్పుడు, చక్రం తిప్పడం ఆపేసి, దిమ్మ మీది బరువును మెల్లగా పైకి ఎత్తండి. ఎవరూ లాగకపోయినా దిమ్మ దూకుతుంది. పుస్తకంలో లేని ఈ ప్రయోగం చూసిన పిల్లలు నీటి సంగతిని మళ్లీ చెప్పించుకోలేదు.

మూడు దిమ్మలను చిన్న స్ప్రింగులతో వరుసగా తగిలించినప్పుడు నమూనా మరొక స్థాయికి వెళుతుంది. ఒక దిమ్మ జారితే దాని భారం పక్క దిమ్మ మీద పడుతుంది. ఒక్కోసారి ఆ పక్కది వెంటనే జారుతుంది, ఒక్కోసారి చక్రం ఇంకో చుట్టు తిరిగాక జారుతుంది, ఒక్కోసారి మూడూ కలిసి దూకుతాయి. ఈ దిమ్మల వరుసను 1967లో రాబర్ట్ బరిడ్జ్, లియోన్ నాపాఫ్ భూకంపాల అధ్యయనానికి వాడారు. చిన్నవి లెక్కకు మించి, పెద్దవి అరుదుగా వచ్చే తీరు అందులోనూ కనబడింది. ప్రపంచవ్యాప్తంగా చూస్తే పరిమాణం (భూకంపం ఎంత పెద్దదో చెప్పే కొలత) ఒక అంకె తగ్గితే భూకంపాల సంఖ్య దాదాపు పది రెట్లు పెరుగుతుంది. పక్క దిమ్మకు భారం బదిలీ కావడం టర్కీలోని ఉత్తర అనటోలియా భ్రంశం మీద కళ్లకు కట్టినట్టు జరిగింది. 1939లో ఎర్జింజాన్ దగ్గర మొదలైన పెద్ద భూకంపాల వరుస 1942, 1943, 1944లలో ముక్క తరువాత ముక్కగా పడమటికి జరుగుతూ, 1957, 1967లలో ఇంకా ముందుకు సాగి, 1999 ఆగస్టు 17న ఇజ్మిత్‌ను తాకింది. అదే ఏడాది నవంబరు 12న, ఇజ్మిత్ చీలికకు తూర్పు కొసన ఉన్న డ్యూజ్జే దగ్గరి ముక్క జారింది. మూడు దిమ్మలకు బదులు ఆరు ఇచ్చి ఉంటే ఈ వరుస ఇంకా చక్కగా చూపగలిగేవాడిని.

ఇక నమూనా తప్పుదారి పట్టించే చోటు. దిమ్మ మొత్తం ఒకేసారి కదులుతుంది. భ్రంశం అలా కదలదు. నిజమైన జారుడు భూకంప నాభి అనే ఒక చిన్న చోట మొదలై, బట్ట చిరిగినట్టు, భ్రంశ తలం వెంట సాధారణంగా సెకనుకు 2 నుంచి 3 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతుంది. చిరుగు అంచు వెళ్లే వేగం వేరు, రాయికి రాయి జారే వేగం వేరు. రెండోది సెకనుకు ఒక మీటరు ఉంటే అది పెద్ద భూకంపమే. 2004 డిసెంబరు 26న సుమత్రా దగ్గర మొదలైన చీలిక దాదాపు 1,300 కిలోమీటర్లు ఉత్తరంగా పాకడానికి ఎనిమిది నుంచి పది నిమిషాలు పట్టింది. భ్రంశం అంతా ఒకే దెబ్బకు జారి ఉంటే భూకంపం పరిమాణానికి, అది సాగే సేపుకు సంబంధమే ఉండేది కాదు. పుస్తకంలో దీని గురించి ఒక్క వాక్యం కూడా లేకపోవడం నాకు తీవ్రమైన లోపంగా తోచింది. నేను తరగతిలో మందమైన కంబళిని నేల మీద పరిచి, ఒక చివర మడత లేపి, ఆ మడతను చేత్తో రెండో చివరకు తోసి చూపిస్తున్నాను. కంబళి అంతా జరిగింది, ఏ క్షణంలోనూ మొత్తంగా జరగలేదు. దిమ్మ ప్రయోగం తరువాత వెంటనే దీన్ని చూపిస్తే గాని పిల్లల మనసులో తప్పుడు చిత్రం చెరగదు.

సెన్సర్ విషయంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. దాన్ని దిమ్మ మీద అతికించమని పుస్తకం చెబుతుంది. అలా చేస్తే తెర మీద దిమ్మ దూకుడు ఒక నిటారు గీతగా వస్తుంది, పిల్లలు దాన్నే భూకంప లేఖిని గీసే గీత అనుకుంటారు. భూకంపంలో మనకు తగిలేది భ్రంశం జరగడం కాదు, ఆ జరుగుడు వల్ల రాతిలో పుట్టి నలుదిక్కులకూ పోయే తరంగాలు. వాటిలో ముందుగా వచ్చేవి పీ తరంగాలు, భూమి పైపొరలో సెకనుకు సుమారు 6 కిలోమీటర్ల వేగంతో వస్తాయి. ఎక్కువ నష్టం చేసే ఎస్ తరంగాలు సుమారు మూడున్నర కిలోమీటర్ల వేగంతో వాటి వెనక వస్తాయి. ఈ రెండింటి నడుమ వ్యవధిలో ఒక్కో సెకను భూకంపానికీ మనకూ మధ్య ఉన్న దాదాపు 8 కిలోమీటర్ల దూరానికి గుర్తు. సెన్సర్‌ను దిమ్మ మీద నుంచి తీసి బల్ల అవతలి చివర అతికించండి. దిమ్మ సెన్సర్‌ను తాకదు, అయినా గీత వణుకుతుంది. స్ప్రింగులో దాచిన శక్తిలో ఎక్కువ భాగం కాగితం రాపిడిలో వేడిగా, రవ్వలు చిట్లడంలో పోతుంది. తరంగాలుగా బయలుదేరేది చిన్న వంతే. నిజమైన భ్రంశాల్లోనూ అంతే.

పుస్తకంలో ఉన్న మంచి పేజీ భూకంప పరిమాణాన్ని గురించినది. జారిన తలం వైశాల్యాన్ని సగటు జారుడుతోనూ, రాతి దృఢతా గుణకంతోనూ (వంపుకు రాయి ఎంత ఎదురు నిలుస్తుందో చెప్పే అంకెతోనూ) గుణిస్తే భూకంప భ్రామకం వస్తుందని, కీయితి అకి 1966లో ప్రవేశపెట్టిన ఈ కొలత మీదే నేటి భ్రామక పరిమాణం నిలబడి ఉందని చక్కగా వివరించారు. 20 కిలోమీటర్ల పొడవు, 10 కిలోమీటర్ల లోతు గల తలం అర మీటరు జారితే పరిమాణం 6.2 దాటుతుందని పిల్లలే లెక్క కట్టగలిగారు. పరిమాణం ఒక అంకె పెరిగితే వెలువడే శక్తి దాదాపు 32 రెట్లు పెరుగుతుందన్న సంగతి కూడా అదే సూత్రం నుంచి రాబట్టించవచ్చు.

అదే పుస్తకంలోని చివరి అధ్యాయాన్ని మాత్రం నేను పిల్లల చేతికి ఇవ్వలేదు. వరుసగా పది జారుళ్ల మధ్య వ్యవధి కొలిచి, సగటు తీసి, పదకొండోది ఎప్పుడు వస్తుందో చెప్పమని అందులో అభ్యాసం ఇచ్చి, శాస్త్రవేత్తలు ఇలాగే భూకంపాలను ముందుగా చెబుతారని రాశారు. ఇది నిజం కాదు, ప్రమాదకరం కూడా. కాలిఫోర్నియాలోని పార్క్‌ఫీల్డ్ దగ్గర 1857, 1881, 1901, 1922, 1934, 1966లలో ఇంచుమించు ఒకే పరిమాణంలో భూకంపాలు వచ్చాయి. సగటు వ్యవధి సుమారు 22 ఏళ్లు. తరువాతిది 1993 లోపు వస్తుందని శాస్త్రవేత్తలు ప్రకటించి, ఆ లోయ నిండా పరికరాలు అమర్చి ఎదురుచూశారు. అది 2004 సెప్టెంబరు 28న వచ్చింది. ప్రపంచంలో అంత క్రమబద్ధమైనదని పేరుపడ్డ చోటే పదకొండేళ్లు ఆలస్యమైంది. మా తరగతిలో ఒక మధ్యాహ్నం వరుసగా 40 జారుళ్లు కొలిచాం. చక్రం ఒకే వేగం, బరువు ఒకటే, స్ప్రింగు ఒకటే. అయినా అతి చిన్న జారుడు 2 మిల్లీమీటర్లు, అతి పెద్దది 31 మిల్లీమీటర్లు. అంటే ఈ నమూనాయే ఆ అధ్యాయం తప్పని రుజువు చేస్తోంది. ఒక ప్రాంతంలో రాబోయే దశాబ్దాల్లో పెద్ద కుదుపు వచ్చే అవకాశం ఎంత అన్నది లెక్కకట్టగలం, తేదీ చెప్పలేం. ఈ రెండింటి తేడా తెలియకే పుకార్లకు జనం రాత్రంతా వీధుల్లో గడుపుతుంటారు. పిల్లలకు చెప్పే పుస్తకంలో ఈ పొరపాటు ఉండకూడదు.

ఉప్పుకాగితం వాడేకొద్దీ అరుగుతుంది. అరవై, డెబ్బై జారుళ్ల తరువాత దూకుడు చిన్నదైపోతుంది, కాగితం మార్చవలసి వస్తుంది. ఇది పరికరానికి లోపమే గాక పాఠానికి కూడా అడ్డు, ఎందుకంటే నిజమైన భ్రంశం జారిన తరువాత మళ్లీ పట్టు కూడదీసుకుంటుంది. రాయిని రాయి తాకి కదలకుండా ఉన్న కాలం పది రెట్లు పెరిగిన ప్రతిసారీ ఘర్షణ ఒక స్వల్పమైన మెట్టు పైకి ఎక్కుతుందని 1970లలో జేమ్స్ డీట్రిచ్ ప్రయోగాలు చూపాయి. ఈ మానుదలే లేకపోతే భ్రంశం ఒకసారి జారి, ఇక ఎప్పటికీ పాకుతూనే ఉండేది. మరోవైపు వేగంగా జారేటప్పుడు రాపిడి వేడికి రాయి పలుచని పొర మేర కరిగిపోవచ్చు కూడా. అలా కరిగి గాజులా గడ్డకట్టిన నల్లని చారలు పాత భ్రంశాల్లో నేటికీ దొరుకుతాయి. ఉప్పుకాగితానికి ఈ రెండు గుణాలూ లేవు. అయితే అరిగిన కాగితం మీద మిగిలే పొడిని పారేయకండి. భ్రంశాల నడుమ నలిగిన రాతిపిండి సరిగ్గా ఇలాగే పేరుకుంటుంది. కొత్త కాగితం మీద ఒకసారి, పొడితో నిండిన కాగితం మీద ఒకసారి దిమ్మను లాగి పోల్చమంటే పిల్లలు తేడాను తామే కనిపెట్టారు.

తయారీలో నాణ్యత విషయానికి వస్తే, చెక్క పని బాగుంది, స్ప్రింగులు ఏడాది తరువాత కూడా వదులు కాలేదు. దారమే నాసిరకం. నైలాన్ దారం తానే సాగుతుంది కాబట్టి గట్టి స్ప్రింగు తగిలించినా అమరిక మెత్తగా ప్రవర్తిస్తుంది, పైన చెప్పిన స్ప్రింగుల పోలిక చెడిపోతుంది. మొదటి వారంలోనే ఈ సంగతి గమనించి దాని స్థానంలో సన్నని ఉక్కు తీగ వేశాను. తేడా వెంటనే కనిపించింది. మాకు వచ్చిన చేతి చక్రం పళ్లలో ఒకటి విరిగి ఉంది. అమ్మినవారికి రాస్తే మూడు వారాల తరువాత కొత్తది పంపారు గాని, ఆ మూడు వారాలూ పాఠం ఆగింది. సెన్సర్ సాఫ్ట్‌వేర్ సులువుగానే పనిచేస్తుంది, గీతను దాచుకునే వీలూ ఉంది.

ఎనిమిది నుంచి పదో తరగతి వరకు బోధించేవారికి, ఇంటర్‌లో ఘర్షణ, స్థితిస్థాపకత చెప్పే అధ్యాపకులకు ఈ నమూనా కొనమని నిస్సంకోచంగా చెబుతాను. చిన్న తరగతుల పిల్లలకు మాత్రం, వివరించే పెద్దవారు పక్కన లేకుండా, ఇది ఇవ్వవద్దు. ఒకే దిమ్మ ఒకేసారి దూకే దృశ్యం మాత్రమే వారి మనసులో నిలిచిపోతుంది. కొనేటప్పుడే అదనపు ఉప్పుకాగితం కనీసం పది పట్టీలు, మీటరు ఉక్కు తీగ, మరో మూడు దిమ్మలు కలిపి తెప్పించుకోండి, విడిగా అడిగితే అవి అందడానికి నెలలు పడుతోంది. పుస్తకంలో చివరి అధ్యాయాన్ని తరగతికి ఇవ్వకముందే తీసి పక్కన పెట్టి, ఆ స్థానంలో పిల్లలు తామే కొలిచిన జారుళ్ల పట్టికను అంటించండి.